ప్రియదర్శినీ పేటిక, నేపాళ మాంత్రికుడు: తెలుగు కల్పనలో సామూహిక సమ్మోహనం

విరాటపర్వంలో ఉత్తరగోగ్రహణ ఘట్టం ముగింపు దశలో అర్జునుడు సమ్మోహనాస్త్రం ప్రయోగిస్తాడు. కురుసేన ఆయుధాలు జారవిడిచి మైమరచిపోతుంది. ఉత్తరుడు రథం దిగి ఆ మహావీరుల పైవస్త్రాలు ఒలుచుకొని వస్తాడు. అయితే భీష్ముని సమీపానికి పోవద్దని అర్జునుడు అతణ్ణి ముందే హెచ్చరిస్తాడు. ఆ అస్త్రానికి ప్రతిక్రియ ఆయనకు తెలుసు. సామూహిక మనోనియంత్రణను వస్తువుగా తీసుకొనే కథలన్నింటికీ కావలసిన మూడు పాత్రలు ఈ చిన్న ఘట్టంలోనే ఉన్నాయి: ప్రయోగించేవాడు, మైమరచిన సమూహం, ఆ మైమరపుకు లొంగని ఒక్కడు. తెలుగు కల్పన మొదటి పాత్రను ఎంతో శ్రద్ధగా తీర్చిదిద్దింది. మూడో స్థానాన్ని తెలుగు విమర్శ తరచుగా తనకే కేటాయించుకొంది. రెండో పాత్ర, అంటే సమూహం, రెండింటిలోనూ నిద్రలోనే ఉండిపోయింది.

అస్త్రం స్థానంలోకి ప్రసార మాధ్యమం వచ్చినప్పుడు పాశ్చాత్య వైజ్ఞానిక కల్పనలో డిస్టోపియా అనే దుస్స్వప్నలోక శాఖ బలపడింది. ఆల్డస్ హక్స్లీ ‘బ్రేవ్ న్యూ వరల్డ్’ (1932), జార్జ్ ఆర్వెల్ ‘నైన్‌టీన్ ఎయిటీ ఫోర్’ (1949), రే బ్రాడ్‌బరీ ‘ఫారెన్‌హీట్ 451’ (1953) ఈ శాఖకు మూలస్తంభాలు. వీటి విలువ యంత్రాలను ఊహించడంలో లేదు. ఆర్వెల్ కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ సత్య మంత్రిత్వశాఖలో పాత పత్రికలను పాలకులకు అనుకూలంగా తిరగరాసే ఉద్యోగి. ఆ పనిలోనే అతనికి జీవితంలోని ముఖ్యమైన ఆనందం ఉందని నవల చెబుతుంది. నియంత్రణకు ఎదురు తిరిగేవాడు దాని తయారీలో నిపుణుడు కూడా. ఆర్వెల్ 1941 నుంచి 1943 వరకు బీబీసీ తూర్పు విభాగంలో భారతదేశానికి ఉద్దేశించిన ప్రసారాలపై పనిచేసినవాడు కనుక ఈ సంగతి అతనికి పుస్తకాల ద్వారా తెలిసింది కాదు. బ్రాడ్‌బరీ నవలలో మాంటాగ్ భార్య మిల్డ్రెడ్ గదికి మూడు గోడలూ తెరలైనా చాలక నాలుగో గోడ కూడా కావాలని కోరుతుంది. ఆమెకు దాన్ని ఎవరూ బలవంతంగా అంటగట్టలేదు. లొంగని ఒక్కణ్ణి పూర్తిగా మచ్చలేనివాడిగా నిలబెట్టిన రచనలు ఈ శాఖలో లేకపోలేదు. జాన్ కార్పెంటర్ ‘దే లివ్’ (1988) చిత్రంలో నల్ల కళ్లద్దాలు పెట్టుకొన్నవాడికి ప్రకటనల వెనుక దాగిన ఆజ్ఞలు కనిపిస్తాయి. చూడటానికి అది ఎంత సరదాగా ఉన్నా, భీష్ముని ప్రతిక్రియను అంగట్లో అమ్మే వస్తువుగా మార్చిన కల్పన అది.

తెలుగులో ప్రసార మాధ్యమం ద్వారా మనోనియంత్రణ అన్నదే కేంద్రవస్తువుగా నిలిచి, విమర్శకుల చర్చకు నిలకడగా ఆధారమైన వైజ్ఞానిక థ్రిల్లర్‌ను చూపడం కష్టం. దీన్ని సాంకేతిక ఊహాశక్తి లోపంగా భావించనక్కరలేదు. సింగీతం శ్రీనివాసరావు ‘ఆదిత్య 369’ (1991) కాలయంత్రాన్ని 1526కు, అక్కడి నుంచి 2504కు అవలీలగా నడిపించింది. ఊహ ఉంది, ప్రేక్షకుల ఆదరణా ఉంది. లోపానికి కారణం వేరే చోట, వశీకరణాన్ని గురించి మన కథలు ఏర్పరచుకొన్న అలవాటులో వెతకాలి.

ఆ అలవాటుకు తెరమీద ముఖం ఇచ్చిన నటుడు ఎస్.వి. రంగారావు. ఆయన పుట్టిన నూజివీడు 2022లో పునర్వ్యవస్థీకరించిన ఏలూరు జిల్లాలో చేరింది. ‘పాతాళభైరవి’ (1951)లో ఆయన ధరించిన నేపాళ మాంత్రికుని పాత్ర తర్వాతి తెలుగు ప్రతినాయకులకు ఒక అచ్చుగా పనికివచ్చింది. ఈ అచ్చులో గమనించవలసిన అంశం మాంత్రికుని భయంకరత్వం కంటే అతని శక్తికి ఒక చిరునామా ఉండటం. ఆ శక్తి గడ్డంలో ఉంది. రాజకుమారి మెప్పు కోసమని నమ్మించి అంజి ఆ గడ్డం తీయించేసరికి మహామాంత్రికుడు మామూలు మనిషి అయిపోతాడు. ప్రేక్షకుడు హాయిగా నవ్వుకొంటాడు. అధికారం ఒక దేహంలో, ఆ దేహంలో ఒక చోట ఉన్నప్పుడు కథకుడి పని సులువవుతుంది. ఆ చోటు తెలుసుకోవడమే కథ, దాన్ని ఛేదించడమే ముగింపు. లోకం మళ్లీ ముందున్నట్లే ఉంటుంది.

మూడు దశాబ్దాల తర్వాత యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ ఈ అచ్చును ఆధునికం చేసింది. చిన్నపిల్ల తులసిపై జరిగిన ప్రయోగాన్ని క్షుద్రవిద్యగానూ, హిప్నాటిజంగానూ చదువుకోవడానికి వీలుగా రచయిత రెండు తలుపులూ తెరిచి ఉంచాడు. ఆ నవల మూఢనమ్మకాలను పెంచుతుందా, వైజ్ఞానిక దృష్టిని ప్రేరేపిస్తుందా అన్న వాదం చాలాకాలం సాగింది. ఆ వాదంలో ఇరుపక్షాలూ దాటవేసిన విషయం ఒకటుంది. తులసిని లొంగదీసుకొన్నది మంత్రమైనా హిప్నాటిజమైనా, పాఠకుణ్ణి వారం వారం పత్రిక కోసం ఎదురుచూసేలా చేసినది ధారావాహిక అనే ముద్రణా పద్ధతి. వశీకరణ కథను వశీకరించగల మాధ్యమంలో చెబుతూ, ఆ మాధ్యమం వైపు కన్నెత్తి చూడని నవల అది. ఆ చూపు ఉండి ఉంటే తెలుగులో ఈ శాఖకు చెందిన తొలి గట్టి రచన ‘తులసిదళం’ అయ్యేదేమో. ఎ.ఆర్. మురుగదాస్ తమిళ చిత్రం ‘సెవెన్త్ సెన్స్’ పేరుతో 2011లో తెలుగులోకి వచ్చినప్పుడు, అందులోని డాంగ్ లీ చూపుతోనే దారినపోయేవారిని తన ఆయుధాలుగా మార్చుకొన్నాడు. గడ్డం పోయి కన్ను వచ్చింది, అంతే. ఎదురుగా నిలిచినవాడి మీదే పనిచేసే ఆ కన్ను మాధ్యమం కాలేదు.

విచిత్రమేమిటంటే ‘పాతాళభైరవి’ తీసిన విజయా సంస్థే, అదే దర్శకుడు కె.వి. రెడ్డి, అదే రచయిత పింగళి నాగేంద్రరావు, అదే రంగారావుతో కలిసి ఆరేళ్లకు పూర్తిగా భిన్నమైన మరో ఊహను మన ముందుంచారు. ‘మాయాబజార్’ (1957)లోని ప్రియదర్శినీ పేటిక అది. మూత తెరిచి చూసినవారికి వారికి అత్యంత ప్రియమైనది అందులో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, రేవతికి మణిమాణిక్యాలు, బలరామునికి దుర్యోధనుడు. శ్రీకృష్ణుడు చూసినప్పుడు శకుని ప్రత్యక్షమవుతాడు. ఈ చివరి దృశ్యంలోని చమత్కారాన్ని సాధారణంగా హాస్యంగా చెప్పి వదిలేస్తారు. దాని లోతు అంతకంటే ఎక్కువ. పేటిక చూసేవాడికి అతని కోరికను చూపుతూనే, చుట్టూ ఉన్నవారికి అతని గుట్టును బయటపెడుతోంది. ఆర్వెల్ టెలిస్క్రీన్ కూడా చూపుతుంది, చూస్తుంది. అయితే టెలిస్క్రీన్‌ను పార్టీ గోడకు బిగించింది. ప్రియదర్శిని ఇంటికి కానుకగా వచ్చింది. అందరూ దాని ముందుకు తామే ఉత్సాహంగా వచ్చి నిలబడ్డారు.

చిత్రం ఉత్తరభాగాన్ని ఈ దృష్టితో మరోసారి పరిశీలించాలి. ఘటోత్కచుడు, అతని పరివారం కలిసి ఒక నగరాన్నే సృష్టించి, పెళ్లివారినందరినీ ఆ భ్రమలో విడిది చేయిస్తారు. శశిరేఖే మాయ, వడ్డించే విందు మాయ, వీధి మాయ. చివరకు సత్యపీఠం మీద నిలబడిన శకుని తన నోటితోనే కుట్రను ఒప్పుకొంటాడు. కోరికను పసిగట్టే పేటిక, కృత్రిమ లోకం, మనసులోని మాటను కక్కించే పీఠం. ఈ మూడింటినీ ఒక పాశ్చాత్య రచయిత చేతికిస్తే ఒళ్లు జలదరించే నవల అవుతుంది. పింగళి దాన్ని పెళ్లింటి ప్రహసనం చేశాడు. అలా చేయగలగడానికి కారణం పరికరాలన్నీ శ్రీకృష్ణుని పక్షాన ఉండటం. ఆ పరికరాలే దుర్యోధనుని చేతిలో ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్న చిత్రం అడగదు, అడగవలసిన అవసరమూ దానికి లేదు. తర్వాతి వైజ్ఞానిక కల్పన మాత్రం అడిగి ఉండాల్సింది. అది ప్రియదర్శినిని వదిలి మాంత్రికుని గడ్డం వెంట పోయింది.

ప్రియదర్శినిలోని భయం ఎక్కడిదంటే దానికి యజమాని అక్కరలేకపోవడం. బలరామునికి దుర్యోధనునిపై ఉన్న అభిమానాన్ని పేటిక పుట్టించలేదు. ఉన్నదాన్ని అందంగా చూపింది. చూపిన కొద్దీ అది మరింత సహజంగా కనిపించింది. తర్వాత ఆయన శశిరేఖను లక్ష్మణకుమారునికి ఇవ్వడానికి ఒప్పుకొన్నప్పుడు తన ఇష్టప్రకారమే నిర్ణయిస్తున్నాననుకొన్నాడు. వీక్షకుని అభిరుచిని గుర్తుపట్టి తిరిగి దాన్నే వడ్డించే నేటి ఫోను తెరలకు ఇంతకంటే దగ్గరి పోలిక తెలుగులో మరొకటి కనిపించదు. నియంత్రణ కోసం ఇక్కడ ఆజ్ఞ అక్కరలేదు. అద్దం చాలు.

తెలుగు నేలపై ఈ వస్తువు కల్పనగా రాకపోయినా చరిత్రగా వచ్చింది. 1975 ఆగస్టు 1న అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా భారతదేశంలో ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ సహా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు, ఇనుపతీగ వలతో చేసిన గొడుగు ఆంటెన్నాల సాయంతో, ఏడాదిపాటు ప్రసారాలు అందాయి. సమాచార ఉపగ్రహాలను 1945లోనే ఊహించిన వైజ్ఞానిక కథకుడు ఆర్థర్ సి. క్లార్క్ కొలంబోలోని తన ఇంట్లో ఆ ప్రసారాలను చూశాడు. తన కల్పన నిజమవుతుంటే కూర్చొని చూసే అదృష్టం అందరు రచయితలకూ దక్కదు. అయితే ఆ ప్రయోగం మొదలైననాటికి దేశంలో అత్యవసర పరిస్థితి విధించి ఐదు వారాలు దాటింది. పత్రికలపై నియంత్రణ అమలులో ఉంది. 1976లో నాలుగు వార్తా సంస్థలను కలిపి ‘సమాచార్’ అనే ఒకే సంస్థగా చేశారు. ఆకాశవాణి ప్రభుత్వానిదే. ఆకాశంలో ఉపగ్రహం, నేల మీద ఒకే గొంతు. ఆర్వెల్ రాసి ఉంటే పాఠకులు అతిశయోక్తి అనేవారు.

ఇంత చేసీ ఏమైంది? 1977 మార్చి ఎన్నికల్లో ఉత్తర భారతం పాలక పక్షాన్ని తుడిచిపెట్టింది. ఆంధ్రప్రదేశ్ అదే పక్షానికి 42 లోక్‌సభ స్థానాల్లో 41 ఇచ్చింది. విన్న రేడియో ఒక్కటే, చదివిన వార్తా సంస్థ ఒక్కటే, వచ్చిన తీర్పులు రెండు. మాధ్యమం మెదళ్లలోకి సూదిమందులా ఎక్కుతుందన్న సిద్ధాంతం ఈ రెండు ఫలితాల్లో దేన్నీ వివరించలేదు. అమెరికాలో పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం 1940 అధ్యక్ష ఎన్నికల పరిశీలన ఆధారంగా 1944లోనే ఈ సిద్ధాంతాన్ని సవాలు చేసింది. మాధ్యమం చెప్పిన మాట చాలామందికి నేరుగా చేరదు. ఇంట్లోనో పనిచోటనో తాము నమ్మే మనిషి నోట వడపోతకు గురయ్యాక చేరుతుంది. పల్లెల్లో పత్రికను ఒకరు పైకి చదువుతుంటే పదిమంది విని వ్యాఖ్యానించే అలవాటు తెలిసిన తెలుగు పరిశోధకునికి ఇది కొత్త సంగతేమీ కాదు.

అయినా 1983 తర్వాత తెలుగు ప్రేక్షకుని గురించి జరిగిన చర్చలో సూదిమందు సిద్ధాంతమే మరో రూపంలో తిరిగివచ్చింది. నందమూరి తారక రామారావు 1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించి, పది నెలలు నిండకుండానే ముఖ్యమంత్రి అయ్యారు. చిదానంద దాస్‌గుప్తా ‘ది పెయింటెడ్ ఫేస్’ (1991)లో, తెరమీది దేవుణ్ణి, తెరవెనుక మనిషిని వేరుచేసి చూడలేని ప్రేక్షకుని అమాయకత్వంతో ఈ విజయాన్ని ముడిపెట్టారు. కృష్ణుని వేషం సమ్మోహనాస్త్రమైంది, ఓటర్లు కురుసేన అయ్యారు. విశ్లేషకుడు ఎవరి స్థానంలో కూర్చున్నాడో వేరే చెప్పనక్కరలేదు.

ఈ వాదాన్ని ఎస్.వి. శ్రీనివాస్, ఎం. మాధవప్రసాద్ తమ తమ గ్రంథాల్లో వేర్వేరు కోణాల నుంచి తిరస్కరించారు. కాలక్రమాన్ని చూసినా ఆ వాదం నిలవడం కష్టం. ‘దానవీరశూరకర్ణ’ (1977) వంటి మినహాయింపులున్నా, రాజకీయ ప్రవేశానికి ముందున్న సంవత్సరాల్లో రామారావుకు జనాదరణ తెచ్చినవి ‘అడవిరాముడు’, ‘వేటగాడు’, ‘సర్దార్ పాపారాయుడు’ వంటి సాంఘిక చిత్రాలు. అసలు ఆయన తెరమీదికి వచ్చిందే దేవుడిగా కాదు. ఒకనాటి వేంగి రాజధాని పెదవేగి ఉన్న ఏలూరు ప్రాంతానికే చెందిన సోమవరప్పాడులో పుట్టిన ఎల్.వి. ప్రసాద్ తీసిన ‘మనదేశం’ (1949)లో ఆయన తొలి పాత్ర పోలీసు ఇన్‌స్పెక్టరు. ఇక 1989లో అదే ప్రేక్షకులు ఆ పార్టీని ఓడించారు. కల్వకుర్తిలో రామారావు స్వయంగా ఓడిపోయారు. సమ్మోహితుడు తనంత తాను లేచి నడవగలిగితే, మొదటి నుంచీ అతను నిద్రలో లేడనే అనుకోవాలి.

పెదవేగి పరిసరాల్లో దొరికిన తామ్రశాసనాలను చదివే చరిత్రకారులకు దీన్ని పోలిన అనుభవమే ఉంటుంది. శాసనం ఆరంభంలోని రాజప్రశస్తి ఎంత ఘనంగా ఉన్నా, దానం పొందినవాడికి కావలసింది భూమి వివరం. గ్రహీత తనకు కావలసినది తీసుకొంటాడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల ఆరంభంలో ప్రభుత్వ అక్షరాస్యతా వాచకంలోని సీతమ్మ కథను చదివిన స్త్రీలు సారా దుకాణం మూయించడానికి కదిలారు. చదువు నేర్పింది ప్రభుత్వం, సారా ఆదాయం పొందుతున్నదీ ప్రభుత్వమే. ఆ వాచకాన్ని రాసినవారు ఉద్దేశించిన పాఠం ఒకటైతే, చదివినవారు తీసుకొన్న పాఠం వారి ఇళ్లలోని కష్టం నుంచి వచ్చింది.

ఇంత చెప్పాక, ప్రేక్షకుడు సర్వస్వతంత్రుడని అనుకోవడం కూడా తొందరపాటే. ఏలూరు 2020 డిసెంబరులో చూసిన రోజులు ఇందుకు ఉదాహరణ. ఉన్నట్టుండి జనం మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లో బాధితుల సంఖ్య ఆరువందలు దాటింది. పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలపైనా అనుమానం వచ్చింది. తాగునీరు, కూరగాయలు, బ్లీచింగు పొడి ఒక్కొక్కటిగా నిందితులయ్యాయి. మనిషి దేహాన్ని కూల్చిన కారణానికి ముఖం లేదు, గొరిగించడానికి గడ్డం లేదు. ముఖంలేని ఆపదను ఎదుర్కొన్న మనిషి, తన అనుమానానికి సరిపోయే మాట ఏ తెర చెబుతుందో ఆ తెర వైపు తిరుగుతాడు. ప్రియదర్శిని పనిచేసే చోటు అదే: భయం కూడా ఒక రకమైన ప్రియవస్తువు. ఈ అనుభవం నుంచి తెలుగు వైజ్ఞానిక థ్రిల్లర్ ఒకటి పుట్టగలదు. అందులో ప్రతినాయకుని కోసం వెతకడమే కథకుడు చేయగల మొదటి పొరపాటు అవుతుంది.

ఇటీవలి ప్రయత్నాల్లో పెద్దదైన నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఎ.డి.’ (2024) ఈ పొరపాటును సగమే చేసింది. సుప్రీం యాస్కిన్ రూపంలో మాంత్రికుడు అక్కడా ఉన్నాడు. అతని చుట్టూ కట్టిన ఆర్భాటం చిత్రంలో బలహీనమైన భాగం. అయితే ఎండిపోయిన కాశీ మీద వేలాడే కాంప్లెక్సు ఊహ అంతకంటే పదునైనది. అక్కడ నీళ్లున్నాయి, చెట్లున్నాయి. ప్రవేశానికి పది లక్షల యూనిట్లు కావాలి. కింది జనాన్ని ఆ నిర్మాణం అణచివేస్తున్నా, వారిలో చాలామందికి దాన్ని కూల్చాలని లేదు, అందులోకి పోవాలని ఉంది. కథానాయకుడు భైరవ వారికంటే భిన్నుడు కాడు. యూనిట్లు కూడబెట్టడం కోసమే మనుషులను వేటాడతాడు. శంబల తిరుగుబాటుదారులకంటే అతనే ఈ లోకానికి నిజమైన పౌరుడు. విన్‌స్టన్ స్మిత్ తన ఉద్యోగాన్ని ప్రేమించినట్లు భైరవ తన కలను ప్రేమిస్తాడు. తెలుగు డిస్టోపియాలో లొంగిపోయిన మనిషికి లోపలి నుంచి ఒక ముఖం రావడం ఇక్కడ కనిపిస్తుంది. చిత్రం రెండో సగంలో పురాణపాత్రల పునరాగమనం, యుద్ధం ముందుకు వచ్చేసరికి ఆ ముఖం కర్ణుని తేజస్సులో మరుగున పడింది. కథ అసంపూర్ణంగా ఆగింది. యాస్కిన్ ఎలా కూలుతాడన్నది మలిభాగానికి సులువైన సమస్య. కాంప్లెక్సు వైపు తలెత్తి చూడటానికి అలవాటుపడిన కాశీ జనం, అది లేని ఆకాశాన్ని చూసినప్పుడు ఏమి కోరుకొంటారన్నది ఇంకా రాయవలసిన కథ.